ఉద్యోగం మానకుండా కలంకారీ: ఏ పని ఏ రోజు పెట్టుకోవాలి

ఆఫీసు నుంచి వచ్చాక మిగిలే గంటలో కలంకారీ ఏం వేస్తాంలే అని చాలామంది మొదలే పెట్టరు. నిజానికి ఉద్యోగస్తులకి ఇంత అనువైన పని ఇంకోటి దొరకడం కష్టం. ఇందులో చేతి పని కొంతే. మిగిలినదంతా నానడం, పులియడం, ఎండడం, ఆరడం. అవన్నీ మీరు ఆఫీసులో ఉండగానే జరిగిపోతాయి. చిక్కల్లా వరసలోనే. ఎరుపు పట్టడానికి గురువారం పెట్టాల్సిన పటిక ఆదివారం పెడితే ఉతుకు సోమవారానికి పడుతుంది. సోమవారం ఎవరు ఉతుకుతారు? వారమంతా గుడ్డ అటక మీదే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది శ్రీకాళహస్తి పద్ధతి, అంటే కలంతో గీసేది. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. దానికి పెద్ద బల్లలు, అచ్చులు, జాగా కావాలి కాబట్టి రెండు గదుల ఫ్లాట్‌లో కుదరదు.

మొదటి ఏడాదికి రెండు హద్దులు పెట్టుకోండి. గుడ్డ 18×24 అంగుళాలు దాటకూడదు. రంగులు నలుపు, ఎరుపు, పసుపు మాత్రమే. నీలి మందు తొట్టిని రోజూ కనిపెట్టుకుని ఉండాలి, ఒక్క వారం వదిలేస్తే చెడిపోతుంది. దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇక చీర సంగతి: నెలల పని, అందులోనూ మధ్యలో ఉత్సాహం చచ్చిపోయే పని. చిన్న గుడ్డలు నాలుగు పూర్తయ్యాక దాని గురించి ఆలోచించవచ్చు.

పనిని మూడు వాటాలు చేసుకోండి

బొమ్మ కూర్చడం, ముఖాలు, కళ్లు, వేళ్లు: ఇవి తీరుబడి పనులు. అంచులు, లతలు, ఆకులు, నలుపు నింపడం: ఇవి చేతి పనులు. పాలలో ముంచడం, ఉతకడం, ఉడికించడం: ఇవి నీళ్ల పనులు.

పనిరోజుల్లో రాత్రి పూట చేతి పని మాత్రమే పెట్టుకోండి. ఎనిమిది గంటలు స్క్రీన్ చూసిన కళ్లతో ట్యూబులైటు కింద అమ్మవారి కనుబొమ్మ గీస్తే వంకర పోతుంది, కసిమి (నల్ల రంగు) పడ్డాక దాన్ని చెరపలేరు. అంచులో ముప్ఫయ్యో పువ్వు గీయడానికి మాత్రం ఆలోచన అక్కర్లేదు. అలసి ఉన్నప్పుడు అలాంటి పనే హాయి. తీరుబడి పనులు ఆదివారం పగటి వెలుతురులో, నీళ్ల పనులు ఆదివారం పొద్దున్నే.

మొదటి ఆదివారం: కసిమి కుండ

నల్ల రంగు కొనే వస్తువు కాదు, పులియబెట్టేది. అన్నిటికంటే ముందు దీన్నే పెట్టాలి, ఎందుకంటే దీనికి రెండు మూడు వారాలు పడుతుంది.

తుప్పు పట్టిన పాత మేకులు, ఇనప ముక్కలు 400 గ్రాములు తీసుకోండి. స్టీలు పనికిరాదు. జింకు పూత మేకులూ వద్దు, అవి తొందరగా తుప్పు పట్టవు. నూనె జిడ్డు ఉంటే మంట మీద కాల్చి చల్లార్చండి. మట్టికుండలోగానీ ప్లాస్టిక్ బకెట్‌లోగానీ రెండున్నర లీటర్ల నీళ్లు పోసి 100 గ్రాముల నల్ల బెల్లం, 100 గ్రాముల తాటి బెల్లం కరిగించి ఇనుము వేయండి. మూతికి గుడ్డ కట్టండి. బిగుతు మూత పెట్టొద్దు, పులిసేటప్పుడు గాలి తన్నుకొస్తుంది. వాసన వస్తుంది కాబట్టి బాల్కనీలో ఓ మూల ఉంచండి. రెండు రోజులకోసారి కర్రతో కలిపితే చాలు. ఎండాకాలంలో 15 రోజులకి, చలికాలంలో మూడు వారాలకి తయారవుతుంది.

తయారైందో లేదో చూడాలంటే కరక్కాయ పట్టించిన గుడ్డముక్క మీద చుక్క పెట్టండి. మొదట బూడిద రంగులో కనిపించి, చూస్తుండగానే నల్లబడాలి. కరక్కాయలోని వగరు, కసిమిలోని ఇనుము కలిస్తేనే నలుపు. అసలు రంగు పుట్టేది గుడ్డ మీదే. చుక్క బూడిద రంగులోనే నిలిచిపోతే ఇంకో 50 గ్రాముల బెల్లం వేసి వారం ఆగండి. పైన తెల్లని తెర కడితే తీసిపారేసి, కసిమిని గుడ్డతో వడకట్టి వాడుకోవచ్చు.

కుండ పులిసే రెండు వారాలు

ఈ రోజుల్లో మూడు పనులు తెమల్చుకోండి.

మొదటిది గుడ్డ. చలువ చేయని ముతక నూలు గుడ్డ ఒక మీటరు కొంటే మూడు ముక్కలు వస్తాయి, మిగిలిన పీలిక రంగు పరీక్షలకి. శనివారం రాత్రి నానబెట్టి, ఆదివారం కొంచెం కుంకుడు రసం వేసి అరగంట ఉడికించి, జాడించి ఆరేయండి. ఆరిన గుడ్డ మీద నీటి చుక్క వెయ్యండి. వెంటనే పీల్చుకుంటే గంజి పోయినట్టు. ముత్యంలా నిలబడితే మళ్లీ ఉడికించాలి. గంజి ఉన్నచోట కరక్కాయ పట్టదు, అక్కడ గీత పాలిపోతుంది.

రెండోది కలం. వెదురు పుల్లగానీ ఈతపుల్లగానీ ఆరేడు అంగుళాలు. సన్నగీతకి మొన చెక్కింది ఒకటి, నింపడానికి మొన మొద్దు చేసింది ఒకటి. మొనకి అంగుళంన్నర పైన ఉన్ని గుడ్డో మెత్తటి నూలు గుడ్డో పెద్ద ఉసిరికాయంత చుట్టి, దారంతో గట్టిగా బిగించండి. రంగును పట్టి ఉంచేది ఆ ఉండే. వేళ్లతో మెల్లగా నొక్కితే రంగు మొనకి దిగుతుంది. ఉండ వదులుగా ఉంటే గుడ్డ మీద బొట్లు పడతాయి, మరీ బిగిస్తే గీత మధ్యలో తెగిపోతుంది.

మూడోది చెయ్యి. కాగితం మీద అభ్యాసం ఇక్కడ పనికిరాదు. గుడ్డ మొనని పట్టి లాగుతుంది, ఆ లాగుడు చేతికి తెలియాలి. పాత పంచె ముక్క మీద చిక్కటి టీ డికాక్షన్‌తో రోజూ ఇరవై నిమిషాలు తీగలు, అర్ధచంద్రాలు గీయండి. గీత ఒక్క ఊపులో రావడం మొదలయ్యేసరికి కసిమి సిద్ధంగా ఉంటుంది.

మూడో ఆదివారం: కరక్కాయ, పాలు

మీటరు గుడ్డకి 50 గ్రాముల కరక్కాయ పొడి. శనివారం రాత్రి అర లీటరు నీళ్లలో నానబెట్టండి. పొద్దున వడకట్టి, పావు లీటరు పచ్చి గేదె పాలు కలపండి. కలిపాక ఆలస్యం చేయొద్దు, వగరుకి పాలు విరుగుతాయి. గుడ్డను పావుగంట అటూ ఇటూ తిప్పుతూ ముంచి, ఇద్దరు చెరో కొస పట్టుకుని సమానంగా పిండి, మడత లేకుండా మంచి ఎండలో ఆరేయండి. మడత పడినచోట చార ఏర్పడుతుంది, దాన్ని ఇక మీరు దిద్దలేరు.

పాలలో వెన్న ఉండాలి, గీతను పాకనివ్వకుండా ఆపేది అదే. పాలవాడి దగ్గర గేదె పాలు దొరకకపోతే చిక్కటి ఫుల్ క్రీమ్ ప్యాకెట్ వాడొచ్చు. వెన్న తీసిన పాలు వాడితే గీత పక్కల వెంట్రుకల్లా మొలుస్తాయి. అలా జరిగితే పాలు ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి మరోసారి ముంచి ఆరబెట్టండి.

తొమ్మిదింటిలోపు గుడ్డ దండెం మీద ఉండాలి. ఆదివారం అపార్ట్‌మెంట్ డాబా మీద దండేలకి ఎంత పోటీ ఉంటుందో మీకు తెలిసిందే. శనివారమే ఎవరికైనా చెప్పి ఉంచండి. సాయంత్రం మంచు పడేదాకా వదిలేస్తే పులిసిన కంపు పట్టుకుంటుంది. బకెట్టు వేడినీళ్లతో సబ్బేసి అప్పుడే కడిగేయండి, లేకపోతే రెండో ఆదివారానికి ఇంట్లోవాళ్లే బకెట్టు దాచేస్తారు.

ముసురు పట్టే రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. జూన్ మొదట్లోనే రెండు మూడు ముక్కలకి పాలు పట్టించి, బాగా ఎండనిచ్చి, కాగితంలో చుట్టి ఉంచితే వానల్లో గీసుకోవడానికి ఉంటాయి. రెండు నెలలు దాటనివ్వకండి. పాలవాసనకి బొద్దింకలు చేరతాయి.

పనిరోజులు: రాత్రికి 45 నిమిషాలు

బొమ్మను ఆదివారం పగలే చింత బొగ్గుతో గుడ్డ మీద వేసేసుకోండి. సన్నటి చింత పుల్లలు కాల్చి చేసే ఈ బొగ్గు దులిపితే రాలిపోతుంది. మొహాలు, చేతులు కూడా ఆ రోజే కసిమితో గీసేయండి. వారంలో మిగిలేది అంచులు, నగలు, బట్టల మీద బుటాలు, నలుపు నింపడం.

సరంజామా ఐదు నిమిషాల్లో తీయగలిగేలా, ఐదు నిమిషాల్లో సర్దగలిగేలా ఉండాలి. రెండడుగుల చెక్క పలక, దాని మీద పాత దుప్పటి మడత, పైన గుడ్డ. మొత్తాన్ని అలాగే బీరువా మీదకి ఎక్కించేయొచ్చు. పెద్ద కుండ దగ్గరికి రోజూ వెళ్లకుండా వారానికి సరిపడా కసిమి 50 మిల్లీలీటర్ల గాజు సీసాలో పోసి పెట్టుకోండి. చేతి కింద ఎప్పుడూ పాత గుడ్డ ఉండాలి. పాడైన బొమ్మల్లో సగం గీత వల్ల కాదు, కలం అటు నుంచి ఇటు తెచ్చేటప్పుడు రాలిన చుక్క వల్లే పాడవుతాయి.

భోజనానికి ముందే కూర్చోండి. తిన్నాక కూర్చుంటే చెయ్యి బరువెక్కుతుంది. రాత్రి షిఫ్టు వాళ్లకి లేచాక మొదటి గంట మంచిది. ఐదు రోజుల్లో నాలుగే లెక్కలో వేసుకోండి. ఐదో రోజు ఎలాగూ ఏదో మీటింగో, చుట్టాలో, ట్రాఫిక్కో మింగేస్తుంది. 18×24లో ఒక ప్రధాన బొమ్మ, చుట్టూ ఒక అంచు అయితే నలుపు మొత్తానికి ఎనిమిది నుంచి పది రాత్రులు వేసుకోవచ్చు.

లేచే ముందు ఎక్కడ ఆపాలన్నది ముఖ్యం. గీత మధ్యలో ఆపకండి. రేపు అక్కడే అందుకుంటే అతుకు దగ్గర ముడిలా కనిపిస్తుంది. కొమ్మ కొమ్మ కలిసే చోట, మడత దగ్గర ఆపండి. అంచు మాత్రం సగంలో ఉంచేయండి. మర్నాడు ఏం చెయ్యాలో వెతుక్కోకుండా చెయ్యి నేరుగా అక్కడికి వెళుతుంది.

కసిమి తప్పుగా పడితే రుద్దకండి. నిమ్మరసంతో నలుపు కాస్త పోతుంది గానీ, ఆ చోట మళ్లీ రంగు సరిగ్గా పట్టదు. ఆకో పువ్వో చేసి కలిపేయడమే మేలు.

ఎక్కడ ఆపొచ్చు, ఎక్కడ ఆపకూడదు

ఉద్యోగంతో పాటు ఈ పని సాగాలంటే తెలియాల్సింది ఇదే. మార్చి నెలాఖరు బ్యాంకు వాళ్లకి, పేపర్లు దిద్దే రోజులు మాస్టర్లకి, రిలీజ్ వారం సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఎలాగూ తప్పవు. కారా మాస్టారు బడిలో పాఠం చెప్పారు, రావిశాస్త్రి కోర్టులో వాదించారు, ఇద్దరూ కథలూ రాశారు. కథయితే ఎక్కడాపినా కాగితం ఊరుకుంటుంది. గుడ్డ ఊరుకోదు.

ఆపగలిగిన చోట్లు: గంజి తీసి ఆరిన గుడ్డ ఎన్నాళ్లైనా ఉంటుంది. పాలు పట్టి ఎండిన గుడ్డ రెండు నెలలు. పటిక రాసి ఆరింది ఒక వారం. ఎరుపు పడి, ఉతికి ఆరింది మళ్లీ ఎన్నాళ్లైనా.

ఆపకూడని చోట్లు: తడి గుడ్డ ఏ దశలో ఉన్నా సరే. కలిపిన పాలు. ఉడికించిన రంగునీళ్లు, ఇవి రెండో రోజుకే కంపు కొడతాయి. ఇక, కసిమితో గీసి ఉతకని గుడ్డ: ఇది వారం రెండు వారాలు ఉండొచ్చు, నెలలు ఉండకూడదు. మిగిలిపోయిన ఇనుము నూలును తినేస్తుంది. పాత కలంకారీ గుడ్డల్లో నలుపు ఉన్నచోటే చిరుగులు పడటానికి కారణం ఇదే.

గడ్డు వారం వస్తోందని తెలిస్తే ముందు ఆదివారమే గుడ్డను ఆపగలిగిన చోటికి తెచ్చి పెట్టండి. కొసకి చీటీ కుట్టి దశ పేరు, తేదీ రాయండి. నెల తర్వాత ఏ గుడ్డకి పటిక పెట్టారో కంటికి తెలియదు.

ఎరుపు వారం

నలుపు పూర్తయ్యాక ఒక ఆదివారం పారే నీటిలో ఉతికి ఆరేయండి. ఆ తర్వాతి వారం గురువారం, శుక్రవారం రాత్రులు పటికకి కేటాయించండి. పావు లీటరు వేడినీళ్లలో 25 గ్రాముల పటిక కరిగించి, ఎరుపు రావాల్సిన చోటల్లా కలంతో నింపాలి. పటిక నీళ్లు కంటికి కనపడవు కాబట్టి చిటికెడు మంజిష్ఠ (ఎర్ర రంగునిచ్చే వేరు) పొడి కలపండి. చలి రాత్రుల్లో సీసా అడుగున పలుకులు కడితే వెచ్చబెడితే కరుగుతాయి. శనివారమంతా ఆరాలి. కనీసం ఒక రోజు ఆరకుండా ఉతికితే పటిక గుడ్డను పట్టుకోదు, కొట్టుకుపోతుంది.

శనివారం రాత్రి ఒక ముక్కకి 40 గ్రాముల మంజిష్ఠ పొడిని మూడు లీటర్ల నీళ్లలో నానబెట్టండి. శ్రీకాళహస్తిలో చవలకోడి, సురుడు చెక్క వాడతారు, కానీ నగరాల్లో ఆయుర్వేద ముడిసరుకు కొట్లో తేలిగ్గా దొరికేది మంజిష్ఠే.

ఆదివారం పొద్దున ముందు ఉతుకు. శ్రీకాళహస్తి వాళ్లు స్వర్ణముఖిలో పారే నీటికి ఎందుకు వెళతారో ఈ దశలో అర్థమవుతుంది. బకెట్‌లో నానేస్తే ఊడిన పటిక మళ్లీ తెల్లచోట్ల కూర్చుంటుంది, తర్వాత అక్కడా ఎరుపెక్కుతుంది. గుడ్డను వాలుగా పట్టుకుని పైనుంచి పైపుతో నీళ్లు వదలండి, కిందికి జారిన నీళ్లు మళ్లీ గుడ్డకి తగలకూడదు. బోరు నీళ్లలో ఇనుము ఉంటే గుడ్డంతా బూడిద రంగుకి తిరుగుతుంది. ముందే పరీక్ష పీలిక తడిపి చూసుకోండి. అలా మారితే మంచినీళ్ల కుళాయి వచ్చే వేళకే పని పెట్టుకోక తప్పదు.

తర్వాత ఉడుకు. ఐదు లీటర్ల స్టీలు గిన్నె కావాలి. ఇనప మూకుడులో ఉడికిస్తే ఎరుపు మసకబారుతుంది. ఆ స్టీలు గిన్నెను ఇక వంటకి వాడొద్దు. రాత్రి నానబెట్టిన మంజిష్ఠ నీళ్లలో ఉతికిన గుడ్డ వేసి, సన్న సెగ మీద మెల్లగా వేడెక్కించి, ఆవిరి లేచి చిన్న బుడగలు కనిపించే దగ్గర 45 నిమిషాలు ఉంచండి. కర్రతో తిప్పుతూనే ఉండాలి, ఒకచోట ముద్దగా ఉంటే మచ్చలు పడతాయి. తెర్లేలా కాగితే రంగు గోధుమ వైపు పోతుంది. దింపి, చల్లారాక జాడించండి.

తెల్లచోట్ల గులాబీ జీర కనిపిస్తే కంగారు పడకండి. పేడనీళ్లలో రాత్రంతా ఉంచి ఎండలో చలువ చేయడం పాత పద్ధతి. ఫ్లాట్‌లో అది కుదరకపోతే డాబా మీద పరిచి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లుతూ రెండు మూడు ఆదివారాలు ఎండబెట్టండి. పాలతెలుపు రాకపోయినా లేత మీగడ రంగు వస్తుంది, అది బావుంటుంది కూడా.

పసుపు, చివరి ఉతుకు

పసుపు రాయడానికి ముందు గుడ్డను మళ్లీ పాలనీళ్లలో ఒకటికి రెండు వంతుల లెక్కన ముంచి ఎండబెట్టాలి. మొదటి పాలు ఇప్పటికే కొట్టుకుపోయి ఉంటాయి. 50 గ్రాముల ఎండు దానిమ్మ తొక్కలు అర లీటరు నీళ్లలో పావు లీటరయ్యేదాకా మరిగించి, వడకట్టి, 5 గ్రాముల పటిక వేయండి. కరక్కాయ పువ్వు దొరికితే ఇంకా నిండైన పసుపు వస్తుంది. కసిమి కలం ఇందులో ముంచితే పసుపు బూజు ఆకుపచ్చగా మారిపోతుంది, కలాలు వేరువేరుగా ఉంచండి. ఇది రెండు మూడు రాత్రుల పని. ఒక రోజు ఆరనిచ్చి ఆదివారం ఉతికితే గుడ్డ పూర్తయినట్టే.

ఆఫీసు, అమ్మకం, వేళ్లు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాల్లో 15వ నియమం అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటుంది. విధులకి భంగం రాకూడదు. వ్యాపారంలా నడపాలంటే మాత్రం అనుమతి కావాలి. ప్రైవేటు వాళ్లు ఆఫర్ లెటర్లో బయటి ఆదాయం గురించిన షరతు చదువుకోండి. అమ్మితే వచ్చిన డబ్బు పన్ను లెక్కలో చూపాల్సిందే. ‘శ్రీకాళహస్తి కలంకారీ’కి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి హైదరాబాద్ ఫ్లాట్‌లో వేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. ‘సహజ రంగులతో చేత్తో గీసిన కలంకారీ’ అని రాయండి.

కరక్కాయ, కసిమి కలిసి వేళ్లు నల్లబడతాయి. ఆదివారం రాత్రి నిమ్మచెక్క రుద్దితే చాలావరకు పోతుంది. గోళ్ల అంచుల్లో ఉన్నది పోదు. కెమెరా ముందు కూర్చునే ఉద్యోగమైతే గీసేటప్పుడు పలచటి గ్లౌజు వేసుకోండి.

మొదటి గుడ్డ ఎరుపు దశకి రాగానే రెండోదాని మీద బొగ్గు గీత మొదలుపెట్టొచ్చు, ఎందుకంటే చలువ ఆదివారాల్లో రాత్రుళ్లు ఖాళీగా ఉంటాయి. మూడోది అప్పుడే తీయకండి. కసిమి సగానికి వచ్చినప్పుడు పాత ఇనుము ఉంచి, లీటరు నీళ్లలో 80 గ్రాముల బెల్లం కలిపి పోస్తే పాత పులుపు ఉండటం వల్ల కొత్తది ముందే అందుతుంది. అయినా పరీక్ష చుక్క పెట్టి నల్లబడిందని చూశాకే గుడ్డ మీదకి తీసుకెళ్లండి.